విప్పిన కుట్లు

అక్కా, నేను క్షేమం, ఈసారి మోకాలితో సహా.

నొప్పి మోకాలి చిప్పలో ఉన్నా తప్పు దానిది కాదట. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ నన్ను మెట్టు దిగమని చూసింది. తొడ, తుంటి కండరాలు నీరసించి మోకాలు లోపలికి వాలుతోందట, అందుకే చిప్ప ఒరుసుకుంటోందట. "టైలరుగారూ, మీ తొడలెప్పుడైనా కొలిచారా?" అంది. కొలిస్తే ఎడమది అంగుళం సన్నం. ఏడాదిగా బట్ట సాగిందని తిట్టుకుంటూ ప్యాంటు ఎడమ కాలు నేనే బిగించి కుట్టుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడు నెలలు ఆవిడ చెప్పినట్టే కాలు ఎత్తి దించాను. నిన్న ప్యాంటు తొడకి పట్టేసింది. నవ్వుకుంటూ ఆ కుట్లన్నీ విప్పేశాను.

బావగారి మోకాలికి పట్టీ కొనకు, ముందు ఆయన మెట్లు దిగేటప్పుడు చూడు. పిల్లలకు ఆశీస్సులు.

ఆదివారం వస్తున్నాను. ఎప్పటిలా నాకోసం వీధిలోకి కుర్చీ దించొద్దు, మీ మూడో అంతస్తుకి నేనే ఎక్కి వస్తా.