కోడలి పుట్టింటి పేరు

మంథని, శుక్రవారం రాత్రి

నిన్న నేను రాసుకున్నది తప్పు. మనుమరాలి పాస్‌పోర్టు ఆగింది గుమాస్తా మొండితనం వల్ల కాదు, మా ఇంటి ఆచారం వల్ల. పెళ్ళినాడు కోడలికి సుగుణ అని పేరు మార్చింది నేనే. రంగూన్‌లో పాప పుట్టినప్పుడు జనన పత్రంలో తల్లి పేరు అదే రాయించారు. కోడలి పాస్‌పోర్టులో మాత్రం పుట్టింటి పేరుంది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అత్తగా నేను ప్రమాణం చేయాలట.

ఇవాళ పెద్దపల్లి కచేరీలో గోడ మీది నోటీసులో తప్పులు చూపించి గుమాస్తాను ఉడికించాను. అతను ఓపికగా విన్నాడు.

"మంచిదమ్మా. గిప్పుడు మీ కోడలి అసలు పేరు చెప్పుండ్రి."

నాకు గుర్తు రాలేదు. పాపను ఎత్తుకున్న కోడలు మెల్లగా, "అనసూయ, అత్తమ్మా" అంది. ఆ గొంతులో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

"పక్కోళ్లు అందిస్తే చెల్లదమ్మా. గంత చదువుకున్నరు, జర యాద్ జేసుకొని రేపు రాండ్రి" అన్నాడు గుమాస్తా.

ఆమె బిడ్డతో రంగూన్‌లో ఉన్న భర్త దగ్గరికి పోవడం నా మతిమరుపు వల్ల ఆగితే... మతిమరుపు కూడా కాదు. ఎన్నడూ పిలవని పేరును మరిచానని ఎట్లా అనను?

రేపు మొదటి బస్సుకు పోవాలి. ప్రమాణం రాయించడానికి కొత్త స్టాంపు కాగితం కొనాలి. కోడలిని లేపేటప్పుడు అనసూయా అనే పిలవాలి. వెంటనే పలకకపోతే విసుక్కోకూడదు.