ఉప్పునీళ్ల జాడీ ఎవరికి చెందాలి

కృష్ణగిరి జిల్లా, డెంకణికోట తాలూకా, కెలమంగలం కాపురస్తుడు, కీ.శే. హనుమంతప్ప కుమారుడు తిమ్మరాయప్ప అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధి తిన్నగా ఉండగానే రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి సంగతి అనుమానమున్నవాళ్లు డాక్టరును అడగవచ్చు. మా అక్క అంజినమ్మను మాత్రం అడగవద్దు. గుండె సంగతికొస్తే, డాక్టరు ఎక్కువ రోజులు చెప్పలేదు.

1. బేరిగై దారిలోని మామిడితోట, ఈ ఇల్లు, పట్టుపురుగుల షెడ్డు నా ఒక్కగానొక్క కొడుకు లోకనాథ్‌కు సర్వహక్కులతో చెందుతాయి. తోట మూలనున్న నాటుమామిడిని కొట్టించరాదు. ఊరగాయకు దాని పిందెలే కావాలి.

2. నా భార్య రంగమ్మ పోయాక, పిందెల ఊరగాయ తాను పెడతానంది కోడలు భువన. మా అక్క పదిమందిలో, "నీ చెయ్యి మంచిది కాదమ్మా, జాడీ ముట్టొద్దు, కుళ్లిపోతాది" అనేసింది. ఆ పిల్ల జాడీ ఉన్న గదిలోకి పోవడమే మానేసింది. అక్కా, నీ మీద కోపం నాకింకా తగ్గలేదు.

3. అందుకే మీసమున్న నేనే ఊరగాయకు దిగాను. ఊరంతా నవ్వింది. పిందెలకు ఆముదం రాసి, కల్లుప్పు చల్లి, మూతకు గుడ్డ కట్టడమే పని. చుక్క నీళ్లు పోయకపోయినా అంత ఊట ఎక్కడినుంచి వస్తుంది? పొయ్యి లేకుండా ఎందుకు పొంగుతుంది? జాడీకి చెవి ఆనిస్తే లోపల ఒకటే గుసగుస. కంటికి కనిపించని జీవుల పని అది అని మనవరాలు మధుమిత చెప్పింది. అయితే ఎవరి చెయ్యి మంచిదో వాటికెలా తెలుస్తుందని అడిగాను. పురుగుల గుడ్లు చూసే నా భూతద్దం దానికి ఇస్తున్నాను.

4. ఈ వీలునామా అమలు బాధ్యత నా స్నేహితుడు పిల్లప్పది. నా కర్మ భోజనంలో షెడ్డులోని పెద్ద జాడీ ఊరగాయ వడ్డించాలి. అక్క రెండోసారి అడిగి వేయించుకున్నాకే అతడు అయిదో అంశం అందరికీ వినబడేలా చదవాలి. తప్పకుండా అడుగుతుంది. పోయిన వానాకాలమంతా, "తిమ్మా, రంగమ్మ చెయ్యి నీకొచ్చినాదిరా" అంటూ అడిగి తిన్నది.

5. పోయిన ఎండాకాలం నేను జ్వరంతో పడుకుంటే, కోసిన పిందెలు వాడిపోతాయని భువన వాటిని ఉప్పులో వేసింది. తెల్లారేసరికి భయం పట్టుకుని, "పారేసెయ్యి మామా" అని ఏడ్చింది. పారేశానన్నాను. పారేయలేదు, షెడ్డులో దాచాను. నిజంగా కుళ్లుతుందేమో చూడాలని నాకూ ఆత్రమే. రోజూ మూత తీసి చూశాను. పొంగింది, పులిసింది, పిందె కరకరలాడింది. అక్కకు పెట్టిందీ, ఇప్పుడు మీ ఆకుల్లో ఉన్నదీ అదే.

అమ్మా భువనా, జాడీ నీది. మిగిలిన ఊట పారబోయకుండా కొత్త పిందెల్లో కలుపుకో. ఇప్పుడు లేచి వచ్చి, అక్క ఆకులో ఇంకో పిందె నీ చేత్తోనే వెయ్యి.

కెలమంగలం
19 ఫిబ్రవరి 2007

(సంతకం) హె. తిమ్మరాయప్ప

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
సిద్దప్ప, కెలమంగలం
మాదేశ్, డెంకణికోట