రెండో భాగం మీద ఒక అభిప్రాయం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఫోను అందని ఆ కొండల్లో, సొరంగం తవ్వే చోట నువ్వూ క్షేమంగా ఉన్నావనే ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. అమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకోవడం లేదు. పెట్టుకుంటే ఇంట్లో దుమ్మంతా కనపడుతోందట. ఇక, "మన గ్రహాంతరవాసుల నవలకి రెండో భాగం వచ్చిందటగా, జనం ఏమంటున్నారు?" అన్నావు. ఆ మాట నన్నే అడగాలి. మా ప్రచురణ సంస్థకు వచ్చే పాఠకుల అభిప్రాయాలన్నీ టైపు చేసి రచయితకు పంపేది నేనే కదా.

మొదటి భాగంలో వాళ్ళు పదకొండు రోజులు మనతో మాట్లాడి, చెప్పాపెట్టకుండా మాయమైపోతారు. ఇందులో ఇరవై ఏళ్ళకు తిరిగొస్తారు. ఒక లెక్కల మాస్టారు వాళ్ళ నౌకకు ఇంధనం చాలదని నాలుగు పేజీల్లో నిరూపించారు. ఒక దర్జీ, "ఆరు చేతులవాడికి చొక్కా తొడిగారు సరే, చంకలు ఎక్కడ కుట్టారో రాయలేదే" అని నిలదీశాడు. ఒక నర్సు మాత్రం, "వాళ్ళు రాకపోతేనే బాగుండేది. ఎదురుచూసినన్నాళ్ళూ ఎంత అందంగా ఉన్నారో" అని రాసింది.

ఆ తర్వాతి వారం ఇంకొకటి వచ్చింది. దాని సంగతి చెప్పలేకే ఇంతసేపూ అటూ ఇటూ తిరుగుతున్నాను.

"మొదటి భాగం నా ఇద్దరు పిల్లలకు చదివి వినిపించేవాణ్ణి. ఆకాశంలోవాళ్ళ మాటలొస్తే స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఏడో అధ్యాయం దాకా చదివాను. ఈ రెండో భాగంలో వాళ్ళు తిరిగొస్తే అందరూ చప్పట్లు కొట్టి లోపలికి పిలుస్తారు. 'ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారు' అని ఒక్కరూ అడగరు. నమ్మేలా లేదు. అడుగుతారు. అడగాలి."

పేరు లేదు. కింద ఒక రేడియో రిపేరు షాపు చిరునామా ఉంది.

ఏడో అధ్యాయం చదివిన మర్నాడే నాన్న వెళ్ళిపోయాడు. నీకప్పుడు ఆరేళ్ళు. ఎనిమిదో అధ్యాయం నుంచి నీకు చదివి వినిపించింది నేనే.

తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక ఉత్తరం టైపు చేయకుండా సంచిలో పెట్టుకున్నాను. శనివారం పంటి డాక్టరు దగ్గరికని అమ్మకు చెప్పి, రెండు గంటలు బస్సులో వెళ్ళాను. షాపు ఇరుకుగా ఉంది. ఒక విప్పిన రేడియో మీదికి వంగి తీగ అతికిస్తున్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. తల ఎత్తకుండానే, "ఏం పాడైందమ్మా?" అన్నాడు.

"పుస్తకాల ఆఫీసు నుంచి వచ్చాను. మీ అభిప్రాయం అందింది" అన్నాను.

ఎంత సంబరపడ్డాడో. స్టూలు తుడిచి వేశాడు. "రచయిత చదివారా? నేను మరీ కటువుగా రాశానేమో" అన్నాడు.

అప్పుడడిగాను. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు నాన్నా?"

చేతిలో ఉన్న, తీగలు అతికించే కడ్డీ కింద పెట్టి, ప్లగ్గు తీసి, దాని తీగ చుట్టడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. "ఉద్యోగం పోయిందని మీ అమ్మకి చెప్పలేక వెళ్ళాను. వారంలో వచ్చేద్దామనుకున్నా. వారం దాటాక ఏ ముఖంతో రావాలో తెలీలేదు" అన్నాడు. చుట్టిన తీగ పక్కన పెట్టి, "చిన్నోడికి చీకటంటే భయం తగ్గిందా?" అన్నాడు.

"సొరంగాల్లో పని చేస్తున్నాడు" అన్నాను.

నవ్వాడు. నవ్వుతూనే ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"ఆయన మాట నా దగ్గర ఎత్తొద్దు" అన్నావు నువ్వు. ఎత్తాను, క్షమించు. అమ్మకింకా చెప్పలేదు. ఆయన్ని నేనూ క్షమించలేదు. కడిగేద్దామనే వెళ్ళాను. కానీ ఆ గొంతు వినగానే, తమ్ముడూ, ఆ ఎనిమిదో అధ్యాయం ఆయన నోట వినాలనిపించింది. ముప్పై రెండేళ్ళదాన్ని, సిగ్గు విడిచి రాస్తున్నాను.

సోమవారం ఆ ఉత్తరం టైపు చేసి రచయితకు పంపాను. గ్లాసు సంగతి మాత్రం తీసేశాను. అది మనది.

ఆయన నీ చిరునామా అడుగుతాడేమో, అడిగితే ఇవ్వకూడదు అనుకుంటూ వెళ్ళాను. అడగలేదు. అడగలేదనే బస్సులో దారంతా ఏడ్చాను. ఇమ్మంటావా? ఒక్క ముక్క రాయి. వద్దంటే ఇవ్వను, నీ మీద కోపమూ తెచ్చుకోను.

ఇట్లు,
నీ జవాబు కోసం రోజూ గుమ్మం వైపు చూసే
అక్క