ముట్టని బూరెలు

వరంగల్, సోమవారం, 1963

కళావతి బాపు గారికి మల్లవ్వ దండాలతో రాయునది,

మన కళావతిని చూసి వెళ్ళిన వాళ్ళ జవాబు కనుక్కొస్తానని నర్సంపేట వెళ్ళారు. "పిల్లవాడు మంచివాడు. భోజనం పెట్టారు" అని కార్డు రాశారు. ఇంతేనా? వెనక్కి తిప్పి కూడా చూశాను. పిల్ల నచ్చిందా? పిల్లవాడి తల్లి ఇందిరమ్మ ఏమంది? ఏం వండింది? నాకు ముద్ద దిగడం లేదు.

మీ మల్లవ్వ

తా.క. మీకేమైనా అయి దాస్తున్నారేమో, అదీ రాయండి.

నర్సంపేట, బుధవారం

కళావతి తల్లికి దీవెనలు.

నాకేమీ కాలేదు. ఇందిరమ్మ ఏమీ అనలేదు. బూరెలు వండింది. పిల్లవాడి తండ్రి నర్సయ్య, నేను పొద్దుగూకేదాకా అరుగు మీద పత్తి ధర మాట్లాడుకున్నాం. "ఉండు బావా, ఏం తొందర" అన్నాడు. ఉన్నాను.

లింగమూర్తి

తా.క. ఆయన "హూఁ" అన్నాడు. నేనూ "హూఁ" అన్నాను. అంతా తేలినట్టే.

వరంగల్, శుక్రవారం

కళావతి బాపు గారికి దండాలు.

బూరెలు వండిందంటే పిల్ల నచ్చినట్టే! ఆడది వండి పెట్టి, నోటితో కూడా చెప్పాలా? మీరు ఎన్ని తిన్నారు? పక్కింటి యాకమ్మ "మీ ఆయన తినకుంట లేచిండో ఏందో, జర అడుగవ్వా" అన్నది. అప్పటి నుంచి పోస్టుమాన్ కోసం వాకిట్లోనే కూర్చున్నాను. నర్సయ్య అన్నయ్యను మొహం మీదనే అడిగేయండి.

మీ మల్లవ్వ

తా.క. "హూఁ" అంటే ఔననా, కాదనా?

నర్సంపేట, ఆదివారం

కళావతి తల్లికి దీవెనలు.

పన్ను నొప్పి. బూరెలు విస్తట్లోనే వదిలాను. ఆనాటి నుంచి కాకరకాయే వండుతోంది. మెత్తగా బాగుంది. మొహం మీద అడగడం మర్యాద కాదు. ఆయనే చెప్తాడు.

లింగమూర్తి

తా.క. ఇందిరమ్మ పొద్దున్నే బస్సెక్కింది. ఎక్కడికని మేము అడగలేదు.

వరంగల్, మంగళవారం

కళావతి బాపు గారికి దండాలు, ఒక మొట్టికాయ.

ఎక్కడికా? మనింటికే! గడపలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వదినా, అన్నయ్య నా బూరెలు ముట్టలే. మా పిలగాడు మీకు నచ్చలేదా? మా ఇంటాయననడిగితే 'ఏమనలే, మంచిగ మాట్లాడిండు' అంటడు. ఆళ్ళ మాటల్ల పత్తి తప్ప పిల్ల లేనే లేదాయె!"

మీ పన్ను సంగతి అప్పటికి నాకూ తెలియదు. "ఆయన ఇంట్ల గూడ ఏం జెప్పడు వదినా" అని నేనూ ఏడ్చాను. తర్వాత "పిల్లవాడు మంచివాడు" అన్న మీ కార్డు చూపించాను, ఇద్దరం నవ్వాం. కళావతిని అడిగితే తల వంచుకుని నవ్వింది. వదిన దానికి బొట్టు పెట్టి, ఒళ్ళో కొబ్బరికాయ పెట్టింది. పెళ్ళి మాఘంలో. చీరలు, వంటవాళ్ళు, అన్నీ మాట్లాడుకున్నాం. సంబంధం ఖాయం. మీరు ఆయనతో పత్తి సంగతి తేల్చుకుని రండి.

మీ మల్లవ్వ

తా.క. నర్సయ్య అన్నయ్యకు ఈ మాట మీరు చెప్పకండి. ఆయన నోరు తెరిచి అడిగితేనే వదిన చెప్తుందట. మాఘం లోపల అడుగుతాడో లేదో అని నాకిప్పుడు అదొకటే ఫికర్.