ఎగువ పన్ను

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. ఇక్కడ మీ అత్తయ్యా నేనూ ఏట్లో మా పడవా క్షేమం. పన్ను మాత్రం క్షేమంగా లేదు.

మొన్న మీ ఊరొచ్చి మీ కుర్చీలో కూర్చున్నప్పుడు మీరు చేసిన మర్యాద ఈ జన్మకి మరిచిపోను. సూది పొడిచేటప్పుడు కూడా "మన్నించండి" అన్నారు. తీరా ఇంటికొచ్చి మత్తు దిగాక తేలిందేమిటంటే, నొప్పి ఉన్న పన్ను నా దగ్గరే ఉంది, నొప్పి లేనిది మీ దగ్గర ఉండిపోయింది.

తప్పు పట్టడం లేదు. పెళ్ళయి ఏడాదన్నా కాలేదు, కొత్త అల్లుడు మామగారి నోట్లో చెయ్యి పెట్టినప్పుడు కంగారు సహజం. కానీ నేను "ఎగువ పన్ను" అని స్పష్టంగా చెప్పాను. "ఎగువదేనా?" అని మీరు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తలూపాను. మీరు పైవరసలో పట్టకారు పెట్టినప్పుడు అనుమానం వచ్చింది గాని, అప్పటికి మీ చేతులు రెండూ నా నోట్లోనే ఉన్నాయి. చదువుకున్నవాడు, దానికేదో లెక్క ఉంటుందని ఊరుకున్నాను.

ఇట్లు,
మీ మామ

తా.క.: పీకిన పన్ను పారేయకపోతే పోస్టులో పంపండి. అరవై ఏళ్ళు నోరెత్తకుండా చాకిరీ చేసింది. పక్కదాని పాపానికి అది బలైపోయింది.

*

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారములు. మీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. మా ఊళ్ళో ఎగువ అంటే పైది, దిగువ అంటే కిందిది. మీరు ఎగువ అనగానే కాగితం మీద "పైవరస" అని రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పుడూ నా ముందే ఉంది. దాన్ని చూస్తే అన్నం సయించడం లేదు.

ఈసారి పొరపాటు జరగకూడదు. కుడివైపుదా, ఎడమవైపుదా? అది తికమకగా ఉంటే మా ఊరి పద్ధతిలో చెప్పండి. ఇక్కడ వీధులన్నీ గీత గీసినట్టుంటాయి, అందుకని ఏది చెప్పినా దిక్కుల్లోనే చెబుతాం. మంచం మీద కూడా "కాస్త పడమరకి జరుగు" అంటాం. మీరు ఉత్తరం చూస్తూ కూర్చుని, నొప్పి తూర్పు బుగ్గలో ఉందో పడమర బుగ్గలో ఉందో రాయండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: మీ అమ్మాయి నాతో మాట్లాడి నాలుగు రోజులయింది. నిన్న నా కంచంలో మెత్తటిది ఒక్కటీ లేదు. అడిగితే, పళ్ళున్నవాళ్ళు నమలాలని గోడకేసి చెప్పింది.

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. మీరు ఉత్తరం చూస్తూ కూర్చోమన్నారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, మీ ఉత్తరం రెండు చేతులా పట్టుకుని గంటసేపు చూశాను. నొప్పి తగ్గలేదు. తిరగేసి వెనకవైపు కూడా చూశాను. పోస్టుమాస్టరు అటుగా పోతూ, ఉత్తరమంటే ఆ ఉత్తరం కాదు, అదొక దిక్కు అన్నాడు. ఎక్కడుందయ్యా అంటే, పుస్తకంలో చదివాడట, చూళ్ళేదట.

మాకు ఆ నాలుగు దిక్కులూ లేవు, మీ కుడి ఎడమలూ లేవు. రెండు కొండల మధ్య ఊరు. సూర్యుడు పదింటికి ఒక కొండ మీదకొస్తాడు, మూడింటికి రెండో కొండ వెనక్కి పోతాడు. ఎక్కడ పుడతాడో మేమెవరమూ అడగలేదు. మాకున్నది ఏరు. అది వచ్చే వైపు ఎగువ, పోయే వైపు దిగువ. నా నోట్లో కూడా అంతే. మంచం మీద నేను అటు తిరిగి పడుకుంటే ఎగువ పన్ను దిగువకి పోతుందన్న మాట నిజమే. కానీ మంచం మీద పన్ను పీకించుకునేవాడెవడు?

మీ ఊళ్ళో కూర్చోగానే నేను అడిగాను, ఏరు ఎటు పోతుందని. మీరు కుళాయి చూపించారు. పుక్కిలించిన నీళ్ళు కిటికీ వైపు పోవడం చూసి, సరే, కిటికీ దిగువ, తలుపు ఎగువ అని నేనే సర్దుకున్నాను. అంటే నొప్పి పన్ను తలుపు వైపుది. ఇంతకన్నా విడమరిచి చెప్పడం నా వల్ల కాదు.

ఇట్లు,
మీ మామ

తా.క.: మీరు మంచం మీద పడమరకి జరుగుతారని రాశారు. ఆ వాక్యం మీ అత్తయ్య చదవకుండా వేలు అడ్డం పెట్టాను.

*

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారములు. తలుపు వైపు అన్నారు. నా గదికి రెండు తలుపులున్నాయి, వీధిలోకి ఒకటి, పక్కగదిలోకి ఒకటి. పైగా వెలుతురు చాలడం లేదని పోయిన సోమవారమే కుర్చీని అటునుంచి ఇటు తిప్పించాను.

అందుకని మాటలు కట్టిపెడదాం. దీంతో ముప్పై రెండు పళ్ళ బొమ్మ పంపుతున్నాను. నొప్పి ఉన్నదాని మీద ఇంటూ గుర్తు పెట్టి తిప్పి పంపండి. పక్కగదిలో ప్రాక్టీసు చేసే మీ అమ్మాయి, నాతో పాటే చదివి నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషి, "నేను చూస్తాను, నాన్నని రమ్మనండి" అని కాగితం మీద రాసి చూపించింది. మామయ్యగారు నన్ను నమ్ముకుని వచ్చారు, నేనే దిద్దుకుంటాను అన్నాను. అప్పట్నుంచి కాగితం కూడా మానేసింది.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: మీ పన్ను చిన్న డబ్బాలో పెట్టి విడిగా పంపాను. దూదిలో చుట్టాను, ప్రయాణంలో దెబ్బ తగలదు.

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. బొమ్మ అందింది. చాలా బాగుంది, అంత చక్కటి పలువరస మా ఊళ్ళో ఎవరికీ లేదు. అయితే దాన్ని ఎగువ గోడకి తగిలిస్తే నా పన్ను ఒకటవుతోంది, ఎదురు గోడకి తగిలిస్తే ఇంకొకటవుతోంది. న్యాయంగా ఉంటుందని రెండింటి మీదా గుర్తు పెట్టాను. ఈలోగా చూడ్డానికి వచ్చినవాళ్ళు తలో పెన్నూ తీసి వాళ్ళ నొప్పులకీ గుర్తులు పెట్టారు. నా రెండూ కాక ఇప్పుడు పదకొండున్నాయి. పోస్టుమాస్టరు రెండు పెట్టాడు.

అమ్మాయి మాట అంటారా, అల్లుణ్ణి కాదని కూతురి ముందు నోరు తెరిస్తే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టు కాదూ? నేను పనికి రాని మనిషినే గాని మర్యాద తెలియనివాణ్ణి కాను.

ఆదివారం మీరే సామాను తీసుకుని రండి. దారి తేలిక. బస్సు దిగి దిగువకి నడవండి. దిగువకి అంటే మెట్లెక్కాలి. ఎక్కాక ఎగువకి తిరిగి, కిందికి దిగితే మొదటి ఇల్లు మాదే. కళ్ళు మూసుకుని రావచ్చు.

ఇట్లు,
మీ మామ

తా.క.: డబ్బాలో వచ్చిన పన్నుకి బంగారు తొడుగుంది. ఇది నాది కాదు. మీ అత్తయ్య మాత్రం ఉంచేద్దామంటోంది.

*

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారములు. ఈ ఉత్తరం మీ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మీరు మా ఊరికి వెళ్ళిపోయారని అత్తయ్యగారు చెప్పాకే నాకు తెలిసింది. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

దిగువ అన్నారు కదా, మెట్లెక్కాలన్నది చేతి పొరపాటనుకుని, బస్సు దిగి మెట్లు దిగాను. దిగుతూనే ఉన్నాను. మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాక, రేవులో బట్టలుతుకుతున్న ఒకావిడ "ఎవరింటికి బాబూ?" అంది. చెప్పాను. "పళ్ళ డాక్టరువా?" అని అక్కడే నోరు తెరిచింది. పెట్టె నీళ్ళలో తడవకుండా నెత్తిన పెట్టుకుని చూశాను. అప్పట్నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరినీ ఏటికి ఎదురుగా నిలబెట్టి, నేను పక్కన నిలబడి, ఎగువా దిగువా తేల్చుకుని పీకాను. పది పళ్ళు. ఒక్కటీ పొరపాటు కాలేదు. గర్వంగా ఉంది.

పదకొండో గుర్తు ఎవరిదని అడిగితే అందరూ నాది కాదన్నారు. అందరూ వెళ్ళిపోయాక అత్తయ్యగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మూడేళ్ళుగా నొప్పిట. ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ అన్నాను. "ఆయన ఒక్క పన్ను సంగతే ఊరంతా వింటున్నాం, రెండోదెందుకని" అన్నారు.

తీసేశాను. ఇప్పుడు నిద్రపోతున్నారు.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: అవతలి ఒడ్డు వాళ్ళు రేపు వస్తారట. అక్కడివాళ్ళకి ఎగువ అటా, ఇటా?

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. శనివారం రాత్రి దవడ పేలిపోతుంటే తెల్లారేదాకా ఆగలేక బస్సెక్కాను. మీరూ ఆ రాత్రే బయల్దేరారట, మీ బస్సూ నా బస్సూ దారిలో ఎక్కడో పక్కపక్కనే పోయి ఉంటాయి.

మీ గదికి తాళం వేసి ఉంది. పక్కగదిలో అమ్మాయి ఉంది. "కూర్చో నాన్నా" అంది. అల్లుడుగారు వచ్చేదాకా ఆగుతానన్నాను. "నోరు తెరువు" అంది. అచ్చం వాళ్ళమ్మ గొంతు. తెరిచాను.

ఎగువదని చెబుదామనుకున్నాను. దానికి నోరు ఖాళీ ఉండాలి కదా. అది ఎగువా అడగలేదు, తూర్పూ అడగలేదు. చిన్న అద్దం పిడితో ఒక్కో పన్నూ టక్కు టక్కుమని తట్టుకుంటూ పోయింది. ఏడో పన్ను దగ్గర నేను కుర్చీలోంచి ఎగిరి పడ్డాను. "ఇదే" అంది. మీరు కాఫీ తాగేంత సేపట్లో అది పళ్ళెంలో ఉంది.

ఇంత చిన్న ఉపాయం మీకు తెలియక కాదు. మామగారి పళ్ళు తట్టడం మర్యాద కాదనుకుని ఉంటారు. నేనూ మర్యాదకే నోరు మూసుకున్నాను. మన ఇద్దరి మర్యాదకీ నా పన్నొకటి ఖర్చయింది. అమ్మాయి మీ మీద కోపం తగ్గించుకుంది, నా మీద మొదలుపెట్టింది. బుధవారం బస్సుకి వస్తున్నాను.

ఇట్లు,
మీ మామ

తా.క.: మీ అత్తయ్యది ఏ వైపు పన్ను? ముప్పై తొమ్మిదేళ్ళుగా పక్కనే కూర్చుని తింటున్నాను. ఆవిడ ఏ వైపు నములుతుందో నేనెప్పుడూ చూడలేదు.