టిప్పరు డ్రైవరు శివాజీ నిద్ర గురించి

చోడవరం కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,
రావికమతం మండలవాసి, టిప్పరు డ్రైవరు శివాజీ భార్య అచ్చియ్యమ్మ స్వయంగా వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్తచే పరిమితికి మించి బండి నడిపించుట, తద్వారా జరిగిన ప్రమాదము, ఇక జరగబోవు ప్రమాదము గురించి.

1. నా భర్త ఏడాదిగా ప్రేమ్‌కుమార్ గారి టిప్పరుపై క్వారీ నుంచి విశాఖపట్నానికి కంకర తోలుచున్నారు. సదరు యజమానికి ఆరు టిప్పర్లు కలవు. రోజుకు ఎనిమిది గంటలే పని అని, ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాలని చట్టంలో ఉన్నట్లు మా అమ్మాయి అశ్విని ఫోనులో చదివి వినిపించింది. మా ఆయన నవ్వారు. "ఎనిమిది గంటలు లోడింగు లైన్లోనే అయిపోతాయే" అన్నారు. ఆయనకు పద్దెనిమిది గంటలు మామూలు. కంకర నింపేటప్పుడు స్టీరింగు మీద తల వాల్చడమే నిద్ర.

2. గత నెల పన్నెండున ఉదయం పదిన్నరకు, బుచ్చయ్యపేట దాటాక, ఆగి ఉన్న షేరు ఆటోను ఆయన టిప్పరు గుద్దినది. దిగుతున్న చెరకు కూలీ చిన్నతల్లికి కాలు రెండుచోట్ల విరిగినది. యజమాని ఫోన్ చేసి, "బ్రేకు ఫెయిలయిందని సెప్పు. నిద్దరన్నావంటే జైలుకెల్తావు" అన్నారు. మా ఆయన పోలీసులకు అట్లే చెప్పారు. ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి, "బ్రేకు బానే ఉందే. నేనే దాని మీద కాలెయ్యలేదు. ఆటో ఎప్పుడొచ్చిందో నాకు తెల్దు" అన్నారు. ఇది తమకు వ్రాసినందుకు ఆయనకేమవుతుందో నాకు తెలియదు. అయినా వ్రాయుచున్నాను.

3. ఆసుపత్రికి వెళ్లి చిన్నతల్లిని చూశాను. తిడుతుందనుకున్నాను. "మీ ఆయన్ని మళ్లీ బండెక్కించేసేరా?" అని అడిగింది. "రెండో రోజునే" అన్నాను. "నా గుంట ఆ రోడ్డు మీదే కాలేజీకెల్తాదమ్మా" అని గోడ వైపు తిరిగిపోయింది.

4. అది మొదలు కుట్టుమిషను మూసి, ఆయన్ని మెలకువగా ఉంచడానికి నేనూ బండెక్కుచున్నాను. మొన్న బుధవారం మధ్యాహ్నం, కె.కోటపాడు రోడ్డు. నేను ఏదో చెబుతున్నాను, ఆయన "ఊఁ" అంటున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎదురుగా స్కూలు బస్సు. "బస్సు, సూడు" అని అరిచాను. ఆయన తల తిప్పకుండా, నెమ్మదిగా, "ఇల్లొచ్చేసిందా? తలుపు తియ్యే" అన్నారు.

స్టీరింగు నేనే పట్టి లాగాను. బస్సు అద్దం, మా అద్దం రాసుకుని రెండూ పగిలినవి. కిటికీల్లో పిల్లలు మమ్మల్ని చూస్తూ పోయారు. ఆయన బండి ఆపి, "ఏటయింది?" అని నన్నడిగారు.

అయ్యా, ఆయన చనిపోతారేమోనని భయంగా ఉంది. ఎవరినో చంపి బతికొస్తారేమోనని అంతకన్నా భయంగా ఉంది.

కావున యజమానిని పిలిపించి, ఆరు బండ్ల డ్రైవర్ల పనిగంటలూ విచారించి, చట్టప్రకారం విశ్రాంతి ఇప్పించవలెను. ఈ ఉదయం ఆయన తినేసి మళ్లీ లోడుకు వెళ్లాలని ఇంటికి వచ్చి, కంచం ముందే ఒరిగిపోయారు. నేను వెంట తెచ్చిన ఆయన ఫోనుకు యజమాని ఇప్పటికి పదకొండు సార్లు చేశారు. తమ వరండాలో కూర్చుని వ్రాయుచున్నాను. ఆయన లేచేలోగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అచ్చియ్యమ్మ

తా.క.: టిప్పరు తాళంచెవి ఈ కాగితంలోనే మడిచి పెట్టాను. ఆయన జేబులోంచి తీసేను, ఆయనకు తెల్దు. యజమాని వచ్చి అడిగినా, మా ఆయనే వచ్చి నా మీద అరిచినా ఇచ్చేయకండి బాబూ. ఆయన తొమ్మిదిన్నరకు పడుకున్నారు. సాయంత్రం ఐదున్నర దాకా మీ దగ్గరే ఉంచండి.