ఎనిమిదో రివాల్వర్

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు పోయాక ఇది రెండో దీపావళి. ఈ పరాయి దేశంలో యూనివర్సిటీ నుంచి వస్తూ, వెస్ట్‌మీడ్ అనే పేటలో పాత సామాన్ల షాపులో రీలు తుపాకులు చూశాను, రెండు బొమ్మ రివాల్వర్లు. నీ బిస్కెట్ డబ్బాలో ఏడున్నాయి కదా, ఎనిమిదోది ఎంచుదామనుకున్నాను. స్ప్రింగు మంచిదో కాదో నువ్వు చెవి దగ్గర నొక్కి, చప్పుడు విని చెప్పేవాడివే, అలాగే ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కాను.

కౌంటర్‌లో ఆవిడ కెవ్వుమంది. "ఆర్ యూ ఓకే, లవ్?" అంటూ పరుగెత్తుకొచ్చింది. తుపాకీ దించి, తల ఊపాను. రెండోది చెవి దాకా ఎత్తే ధైర్యం లేక రెండూ కొనేశాను. ట్రైన్‌లో ఎవరైనా బ్యాగ్ తెరవమంటారేమోనని దిగేదాకా ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు తలుపేసుకుని మార్చి మార్చి వింటున్నాను. రెండూ ఒకేలా మోగుతున్నాయిరా. నీకెలా తెలిసేది?

అక్క